బార్డర్ దాటితే లీటరు మీద 8 రూపాయల తేడా: చిత్తూరు, తిరుపతి వాళ్లు మీ అనుభవాలు రాయండి

గుడిపాల_వాసి:
అందరికీ నమస్కారం. నాకు చిత్తూరులో చిన్న హార్డ్‌వేర్ షాపు ఉంది. సరుకు కోసం వారానికి రెండుసార్లు తమిళనాడులోని వేలూరు పోతాను. మన వైపు బంకులో పెట్రోలు పోయించి చాలా కాలమైంది. నరహరిపేట చెక్‌పోస్టు దాటితే లీటరు 8 రూపాయల దాకా తక్కువ. కంపెనీ అదే, పెట్రోలు అదే. నిన్న షాపులో దీని మీద పెద్ద గొడవ. తప్పంతా ఢిల్లీదని ఒకరు, అమరావతిదని ఇంకొకరు. గొంతులు పెరిగాయి గానీ లెక్క ఎవరి దగ్గరా లేదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నాను. బార్డర్ మండలాలకైనా పన్ను తగ్గించమని అడగాలని ఉంది. మీకు తెలిసింది, మీరు పడింది రాయండి.

అలిపిరి_ట్యాక్సీ:
అన్నా, 2022 మార్చి నెల నేను మర్చిపోలేను. అంతకు ముందు నాలుగు నెలలకు పైగా రేటు కదల్లేదు. ఐదు రాష్ట్రాల ఎన్నికలు ముగిశాక మార్చి 22న మొదలుపెట్టి 16 రోజుల్లో 10 రూపాయలు పెంచారు. నేను అప్పటికే హైదరాబాద్ భక్తులకు కాణిపాకం, శ్రీకాళహస్తి ప్యాకేజీలు ఫోన్లో మాట్లాడుకుని అడ్వాన్సు తీసుకున్నాను. పిల్లాజెల్లాతో దర్శనానికి వచ్చినవాళ్లను ఇంకో 500 ఇవ్వండి అని నోరు తెరిచి అడగలేకపోయాను. ఆ నెల కారు కిస్తీకి మా ఆవిడ గాజులు కుదవ పెట్టాం. రోజూ ధర మార్చే పద్ధతి 2017 జూన్‌లో తెచ్చారు కదా, మరి ఎన్నికలప్పుడు ఎందుకు ఆగుతుంది? ఇప్పుడు శ్రీపురం గోల్డెన్ టెంపుల్ ట్రిప్పు పడితే వచ్చేటప్పుడు కాట్పాడిలో ఫుల్ ట్యాంక్ చేయించుకుంటున్నాను.

కామర్స్_లెక్చరర్:
లెక్క నేను రాస్తాను. ఏ పార్టీనీ వెనకేసుకు రావడం లేదు.

మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకం పన్ను, 31 శాతం. దాని మీద లీటరుకు 4 రూపాయలు అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు. తమిళనాడులో 13 శాతం, ఇంకా లీటరుకు 11 రూపాయల 52 పైసలు. కేంద్రం వేసే ఎక్సైజ్ పన్ను, డీలర్ కమీషన్ కలిపి లీటరు 80 రూపాయలు పడిందనుకుందాం. మన దగ్గర రాష్ట్రం పన్ను సుమారు 29 రూపాయల 80 పైసలు అవుతుంది, అక్కడ 21 రూపాయల 92 పైసలు. మీరు చెప్పిన 8 రూపాయలు ఇదే.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. మనది ఎక్కువగా శాతం లెక్క. ముడి చమురు వల్ల ఆ 80 కాస్తా 90 అయితే మన రాష్ట్రానికి లీటరుకు 3 రూపాయల 10 పైసలు అదనంగా వస్తుంది, తమిళనాడుకు 1 రూపాయి 30 పైసలే. అంటే ధర పెరిగిన ప్రతిసారీ మనకు రెండో దెబ్బ కూడా తగులుతుంది.

ఆ 4 రూపాయలు 2015లో వేశారు. 2018 సెప్టెంబరులో అదే ప్రభుత్వం 2 తగ్గించింది. 2020 జూలైలో తర్వాతి ప్రభుత్వం మళ్లీ 4కు చేర్చింది. అలాగని ఢిల్లీకి బాధ్యత లేదనను. 2020 మేలో ప్రపంచమంతా ముడి చమురు పడిపోతే, ఆ లాభం మనదాకా రాకుండా పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు ఎక్సైజ్ పెంచారు. పెట్రోలు మీద 2021 నవంబరులో 5, 2022 మేలో 8 తగ్గించారు.

రిటైర్డ్_టీచర్:
సార్, లెక్క బాగుంది. కానీ రాష్ట్రం చేతిలో మిగిలిన పన్నులే కొన్ని. 2014లో హైదరాబాద్ పోయింది, 2017లో జీఎస్టీ వచ్చింది. పెట్రోలు, మద్యం మీద వచ్చేదీ తగ్గిస్తే పెన్షన్లకు ఎక్కడి నుంచి తెస్తారు? పెట్రోలును జీఎస్టీలోకి తేవడానికి 2021 సెప్టెంబరులో లక్నో సమావేశంలో జీఎస్టీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. రాష్ట్రాల భయం కూడా అర్థం చేసుకోవాలి.

బంకు_క్యాషియర్:
మాస్టారూ, నేను వేలూరు రోడ్డు మీద బంకులో పని చేస్తాను. చెన్నై పోయే లారీలు మా దగ్గర గాలికీ, మంచినీళ్లకూ ఆగుతాయి. డీజిల్ మాత్రం బార్డర్ దాటడానికి సరిపడా పోయించుకుని పోతారు. ఆ లీటర్ల మీద పన్ను తమిళనాడుకే పోతోంది కదా. రాష్ట్రం ఎంత పోగొట్టుకుంటోందో కూడా లెక్క వేయమనండి. మా దగ్గర రాత్రి షిఫ్టు తీసేశారు. ఇద్దరు కుర్రాళ్లు పని మానేసి శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయారు.

వీకోట_టమాటా:
మాకు కర్ణాటక దగ్గర, కోలారు వైపు పోయేవాళ్లు అక్కడే డీజిల్ పట్టిస్తారు. కానీ ట్రాక్టరు బార్డర్‌కు పోయిరాదు. క్యాన్లలో తెచ్చుకుంటే ఇంట్లో ప్రమాదం. డీజిల్ పెరిగితే చెన్నై కోయంబేడు మార్కెట్‌కు బాడిగ ఆ వారమే పెరుగుతుంది. తగ్గినప్పుడు బాక్సుకు ఒక్క రూపాయి తగ్గించిన లారీని నేను చూడలేదు. ధర లేని రోజు కాయ అమ్మితే బాడిగకే చాలదు.

పుత్తూరు_స్టూడెంట్:
కాకినాడ దగ్గర సముద్రంలో మనకే చమురు ఉంది కదా? దాన్ని తీసుకుంటే ఈ బాధ ఉండదు.

కామర్స్_లెక్చరర్:
తమ్ముడూ, తీస్తున్నారు. 2024 జనవరిలో కేంద్రం చమురు కంపెనీ ఓఎన్‌జీసీ అక్కడి లోతు సముద్రంలో మొదలుపెట్టింది. రోజుకు 45 వేల పీపాల దాకా వస్తుందని అప్పుడు చెప్పారు. దేశం రోజుకు వాడేది 50 లక్షల పీపాలు పైనే. వందలో ఒకటి కూడా కాదు. ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. పైగా మన తీరంలో ఎక్కువ దొరికేది గ్యాసు.

పెనుమూరు_చెరకు:
ఎథనాల్ సంగతి నేను రాస్తాను. పెట్రోలులో 20 శాతం ఎథనాల్ (చెరకు లాంటి వాటి నుంచి తీసే ఆల్కహాల్) కలపడాన్ని 2030కి అనుకుని, 2025కే ముందుకు జరిపారు. దిగుమతి తగ్గుతుంది, చెరకు రైతుకు డబ్బు వస్తుందన్నారు. సంతోషించాను. కానీ మన దగ్గర సహకార చక్కెర మిల్లులు మూతపడ్డాయి. నా చెరకు బెల్లం గానుగకే పోతోంది, ఎథనాల్ డబ్బు మా పొలం దాకా రాలేదు. ఎథనాల్‌లో శక్తి లీటరుకు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. నా పాత బైకు మైలేజీ తగ్గింది, లీటరు రేటు తగ్గలేదు. కలిపినందుకు వాడేవాడికి ఎంతో కొంత తగ్గించాలి.

తిరుచానూరు_స్కూటీ:
గుడిపాల అన్నా, ఒక్క మాట. మీకు బార్డర్ ఉంది. నేను రోజూ డ్యూటీకి తిరుపతిలోనే 24 కిలోమీటర్లు తిరుగుతాను. తిరుత్తణి పోయి పోయించుకోలేను కదా. నైట్ డ్యూటీకి బస్సులు దొరకవు. కొండకు 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి, చాలా మంచి పని. అలాంటివి ఊళ్లో కూడా రాత్రి 10 దాటాక నడిపితే నేను స్కూటీ ఇంట్లో పెట్టేస్తాను. బార్డర్ మండలాలకే తగ్గించమని మాత్రం రాయొద్దు.

గుడిపాల_వాసి:
అక్కా, మీరు చెప్పింది నిజం, నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ ముక్క తీసేస్తున్నాను. అర్జీలో ఇవి రాస్తాను: 4 రూపాయల అదనపు వ్యాట్ రాష్ట్రమంతా ఎత్తేయాలి. శాతం పన్నుకు పరిమితి పెట్టాలి, ధర పెరిగినప్పుడు పన్ను కూడా పెరగకూడదు. తిరుపతిలో రాత్రి బస్సులు కావాలి. ఎక్సైజ్ గురించి మన ఎంపీకి వేరే కాగితం. మాస్టారు గారి పెన్షన్ల ప్రశ్నకు జవాబుగా బార్డర్‌లో పోతున్న అమ్మకాల సంగతి పెడతాను. బంకు తమ్ముడూ, పాత అమ్మకాల లెక్క ఏమైనా దొరుకుతుందా?

బంకు_క్యాషియర్:
ఓనర్‌ను అడిగాను అన్నా. ఐదేళ్ల రిజిస్టర్లు జిరాక్స్ తీసి ఇస్తానన్నారు. పొద్దున 9 గంటలకు కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాను.

వీకోట_టమాటా:
ట్రాక్టరు డీజిల్ మర్చిపోవద్దు. మా ఊరి నుంచి ఆరుగురం వస్తున్నాం.