సమస్యాపూరణం: గాయమైన లిపికి కాంతి హెచ్చె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. విషయం అచ్చు అక్షరాల రూపకర్త మాథ్యూ కార్టర్ వృత్తిజీవితం. 1937లో లండన్‌లో పుట్టి, 1955లో హాలండ్‌లోని హార్లెమ్‌లో, ఎన్‌స్కెడే అచ్చుల కార్ఖానాలో ఉక్కు మీద అక్షరాలు చెక్కడం నేర్చుకున్నారు. ఆ తరువాత ఫోటో పద్ధతిలో కూర్చే అక్షరాలు, చివరికి కంప్యూటర్ తెర. గాయం ఏమిటో పద్యంలోనే తెలియాలి.

సిరాబుడ్డి:
పలుచ కాగితమున పారును మసియంచు
మూలమూల గాట్లు ముందె పెట్టె
ఫోను పుస్తకమున నిండగా నా గాట్లు
గాయమైన లిపికి కాంతి హెచ్చె

ఛందోమిత్ర: భావం భేష్. 1978లో అమెరికా ఫోను సంస్థ ఏటీ అండ్ టీ ఫోను పుస్తకాల కోసం కార్టర్ చేసిన బెల్ సెంటెనియల్ అనే అక్షరరూపం కథ ఇది. నాసిరకం కాగితం, పరుగులు తీసే యంత్రం, సన్న అక్షరం. సిరా వ్యాపించి మూలలు మూసుకుపోతాయని తెలిసి, గీతలు కలిసేచోట ముందుగానే కోసి ఉంచారు. పెద్దది చేసి చూస్తే ఎలుక కొరికినట్టు ఉంటుంది; అచ్చులో మాత్రం నున్నగా కనిపిస్తుంది. అయితే మూడవ పాదంలో ఫో–ని యతి చెల్లదు. ‘నిండగా’ తీసి ‘పూడగా’ అనండి, అర్థమూ బిగుస్తుంది. ‘నా గాట్లు’ చదివి అవి మీవేమో అనుకున్నాను!

సిరాబుడ్డి: సంధి చేసిన గాయం అది. ‘పూడగా’ తీసుకుంటున్నాను, ధన్యవాదాలు.

చుక్కలరాయుడు:
చిన్ననాడు నేర్చె జెక్కుట యుక్కుపై
పెద్దనాడు తెరకు బిందు లద్దె
కొట్టి కోసి చెరిపి కూర్చగా నేండ్లుగా
గాయమైన లిపికి కాంతి హెచ్చె

ఛందోమిత్ర: మొదటి రెండు పాదాలకు నమస్కారం. కంప్యూటర్ తెర కోసం చేసిన 1996 నాటి వెర్డానా అక్షరరూపానికి ముందు తెర మీది చుక్కలు పేర్చి, తరువాతే చుట్టూ గీతలు గీశారు కనుక ‘బిందు లద్దె’ అక్షరాలా నిజం. మూడవ పాదం మాత్రం ఊతకర్ర. కొట్టడం, కోయడం, చెరపడం ఏ పనికైనా చెబుతారు.

చుక్కలరాయుడు: నలభై ఏళ్ల శ్రమను ఒక్క పాదంలో ఇరికించాలి కదండీ!

నిర్వాహకుడు: ఇరికించవద్దు, ఒక్క కోత చూపండి చాలు. సిరాబుడ్డిగారి పద్యంలో గాయమే కాంతికి కారణం. మీ పద్యంలో అది పక్కన నిలబడి ఉంది.

చుక్కలరాయుడు: మూడవ పాదం ఇలా మార్చాను:
కోతకోత వెంట కొత్తరూపము దాల్చ

నిర్వాహకుడు: యతి కుదిరింది, ఉక్కు కోతతో పద్యమూ అతికింది. రెండూ స్వీకరించాము. వచ్చే వారం కందం.