అప్‌డేట్: ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ సమస్య తీరింది

పికప్ ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ (ట్రక్కులోంచి ట్రైలర్ బ్రేకుల్ని నడిపే పరికరం) బిగించాక, దాని మీదున్న చేతి లివర్ నొక్కితే ట్రైలర్ బ్రేకులు పడుతున్నాయి కానీ పెడల్ తొక్కితే పడట్లేదని అడిగాను కదా. ఎర్ర వైరు చూడమన్నవాళ్లదే కరెక్ట్. అందరికీ చాలా థ్యాంక్స్.

కంట్రోలర్‌కి నాలుగు వైర్లు ఉంటాయి. నలుపు బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, తెలుపు గ్రౌండ్, నీలం ట్రైలర్ బ్రేకులకి వెళ్లేది. ఎరుపు మాత్రం బ్రేక్ లైట్ స్విచ్ నుంచి వస్తుంది, పెడల్ తొక్కిన సంగతి కంట్రోలర్‌కి చెప్పేది అదే. లివర్‌కి దాంతో పని లేదు, అందుకే అది పనిచేసింది. మల్టీమీటర్ పెట్టి పెడల్ తొక్కిస్తే ఎర్ర వైరులో 12 వోల్టులు రాలేదు. డాష్‌బోర్డు కింద కనెక్టర్‌లో ఒక పిన్ను వెనక్కి జారిపోయి ఉంది. ముందుకు నెట్టి లాక్ చేయగానే సిగ్నల్ వచ్చింది.

తర్వాత గెయిన్, అంటే ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పడాలన్నది, సెట్ చేశాను. దీన్ని మాత్రం తొందరపడి ముగించకండి. ట్రైలర్‌లో సామాను వేసుకుని, ఖాళీగా ఉన్న పొడి, చదునైన రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ లివర్ పూర్తిగా నొక్కాలి. చక్రాలు లాక్ అయి జారితే గెయిన్ తగ్గించాలి, ట్రైలర్ వెనక నుంచి తోస్తున్నట్టుంటే పెంచాలి. లాక్ అవడానికి కాస్త ముందు ఆగే చోటే సరైన సెట్టింగ్. బరువు మారితే మళ్లీ చూసుకోవాలి, ఖాళీ ట్రైలర్‌కి అదే గెయిన్ ఎక్కువైపోతుంది.

ఇప్పుడు పెడల్ తొక్కగానే ట్రక్కు, ట్రైలర్ కలిసి ఆగుతున్నాయి. దిగుడు రోడ్డంటే ఉండే టెన్షన్ పోయింది.