ఎఫ్ఐఆర్‌లో అయిదుగురు, ఛార్జ్‌షీట్‌లో ఇద్దరే. ఇప్పుడేం చేయాలి?

తమ్ముడి_కోసం:
స్థలం గొడవలో అయిదుగురు మా తమ్ముణ్ని అడ్డగించి కొట్టారు, కుడి మణికట్టు ఎముక విరిగింది. ఎఫ్ఐఆర్‌లో అందరి పేర్లూ ఉన్నాయి, బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త నేరాల చట్టం) 117(2), అంటే తీవ్రగాయం సెక్షన్, కూడా పెట్టారు. నిన్న ఛార్జ్‌షీట్ కాపీ చూస్తే ఇద్దరే మిగిలారు, 117(2) పోయి 115(2) (మామూలు గాయం), 126(2) (అడ్డగించడం) మాత్రమే ఉన్నాయి. ఎస్సైగారిని అడిగితే "కోర్టుకు వెళ్లిపోయింది, ఇక మా చేతుల్లో లేదు" అన్నారు. పోలీసులు రాసిందే ఫైనలా? వాడు ఇప్పటికీ ఆ చేత్తో గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

క్రిమినల్_లాయర్:
ఫైనల్ కాదండీ. ఛార్జ్‌షీట్ అనేది దర్యాప్తు అధికారి అభిప్రాయం, అంతవరకే. దాన్ని చదివి కాగ్నిజెన్స్ తీసుకోవాలా, అంటే కేసును విచారణకు స్వీకరించాలా అన్నది మేజిస్ట్రేట్ తేలుస్తారు, పోలీసులు చిన్న సెక్షన్ వేశారని కోర్టు దానికే కట్టుబడాలని లేదు.

ఎముక విరిగితే తీవ్రగాయమేనని బీఎన్ఎస్ 116లో స్పష్టంగా ఉంది. 115(2)కి శిక్ష గరిష్ఠంగా ఏడాది, 117(2)కి ఏడేళ్ల దాకా. మరి ఎందుకు తగ్గించారు? ముందు వూండ్ సర్టిఫికెట్ (గాయాలపై డాక్టర్ ఇచ్చే పత్రం) చూడండి. మొదటిరోజు డ్యూటీ డాక్టర్ "వాపు, నొప్పి, ఎక్స్‌రే వచ్చాక అభిప్రాయం" అని రాసి వదిలేస్తుంటారు, ఆ తర్వాత ఐఓ (దర్యాప్తు అధికారి) ఎక్స్‌రే రిపోర్టు తెప్పించుకోకపోతే ఫైల్లో మిగిలేది ఆ వాపూ నొప్పే.

ఇక తప్పించిన ముగ్గురి సంగతి. ఎఫ్ఐఆర్‌లో ఉన్నవాళ్లలో కొందరిపై ఆధారాల్లేవని పోలీసులు రిపోర్టిస్తే, మేజిస్ట్రేట్ ఫిర్యాదుదారుకి నోటీసిచ్చి వాళ్ల మాట వినాలని 1985లోనే భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసు రిపోర్టుకి అభ్యంతరం చెప్తూ కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్ వేయండి. బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 193(9) కింద తదుపరి దర్యాప్తు కూడా అడగండి, విచారణ మొదలయ్యే దాకా దానికి ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కి ఉందని 2019లో వినూభాయ్ మాలవీయ కేసులో తేల్చారు. వాయిదా తర్వాత చూద్దాంలే అని మాత్రం ఆగకండి.

పీడబ్ల్యూ1_అనుభవం:
నేను ఇలాంటి కేసులోనే బోనెక్కి సాక్ష్యం చెప్పాను. లాయర్‌గారు చెప్పినవన్నీ చేస్తూనే పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్లు (సీఆర్పీసీలో పాత 161, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 180) ఒక్కొక్కటీ కూర్చుని చదవండి. "అందరూ కలిసి కొట్టారు" అని ఒక్క ముక్కలో ఉంటే పేర్లు తీసేయడం చాలా తేలిక. ఎవరు చేతులు పట్టుకున్నారు, ఎవరు దేంతో కొట్టారు, చూసినవాళ్లు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. అలాగని ఇప్పుడు కొత్తగా ఏదీ కలపొద్దు. స్టేట్‌మెంట్‌లో లేని ముఖ్యమైన మాట కోర్టులో చెప్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిందితుల లాయర్ పట్టుకునేది దాన్నే. నిజంగా అక్కడ లేనివాణ్ని ఇరికిస్తే ఉన్నవాళ్లు కూడా బయటపడిపోతారు.

తమ్ముడి_కోసం:
మీరన్నట్టే ఉంది అన్నా, తమ్ముడి స్టేట్‌మెంట్‌లో "అయిదుగురూ కొట్టారు" అనే ఉంది, ఎక్స్‌రే మా దగ్గరుంది కానీ ఛార్జ్‌షీట్ డాక్యుమెంట్ల జాబితాలో లేదు. మేం సొంతంగా లాయర్‌ని పెట్టుకోవచ్చా, లేక అంతా ఏపీపీగారేనా (ప్రభుత్వ లాయర్)?

క్రిమినల్_లాయర్:
కేసు నడిపేది ఏపీపీనే, ఎందుకంటే అది ప్రభుత్వం తరఫు కేసు. కోర్టు అనుమతితో మీ లాయర్ ఆయనకి సహాయంగా ఉండొచ్చు, బీఎన్ఎస్ఎస్ 18(8)లో ఆ వీలుంది. ఎక్స్‌రే, రిపోర్టు, కట్టు వేసిన ఆసుపత్రి కేస్ షీట్ తీసుకుని ఈ వారమే ఏపీపీని కలవండి.

పిటిషన్ కొట్టేసినా దారులున్నాయి. తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా కోర్టు బీఎన్ఎస్ఎస్ 239 కింద అభియోగం మార్చవచ్చు. తమ్ముడు సాక్ష్యంలో ఆ ముగ్గురు ఏం చేశారో చెప్తే అదే చట్టం 358 కింద వాళ్లని నిందితులుగా పిలవొచ్చు, దానికి క్రాస్ అయ్యేదాకా ఆగక్కర్లేదని 2014లో హర్‌దీప్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కాకపోతే అభియోగాలు మోపడానికి సరిపోయే దానికంటే బలమైన ఆధారం కావాలి.

ఇంకొకటి, రాజీకి రమ్మని మనుషులు వస్తారు. 115(2), 126(2) కోర్టు అనుమతి లేకుండానే రాజీ అయిపోతాయి, 117(2)కి మాత్రం కోర్టు ఒప్పుకోవాలి. ఏదైనా సరే దెబ్బ తిన్నది తమ్ముడు కాబట్టి నిర్ణయం అతనిదే, పెద్దమనుషుల ముందు ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.