'గేట్‌కీపర్'ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: యూరప్ డిజిటల్ మార్కెట్ల చట్టం మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. అందులో పెద్ద ఇంటర్నెట్ కంపెనీలను 'గేట్‌కీపర్లు' అన్నారు. 2023 సెప్టెంబరులో ముందుగా ఆ ముద్ర పడింది ఆరింటికి: ఆల్ఫాబెట్ (గూగుల్ మాతృసంస్థ), అమెజాన్, యాపిల్, బైట్‌డాన్స్ (టిక్‌టాక్ వాళ్లది), మెటా (ఫేస్‌బుక్ వాళ్లది), మైక్రోసాఫ్ట్. నేను 'ద్వారపాలకులు' అని రాస్తే, చదివినాయన "ఏ గుడికండీ?" అన్నారు. వేరే మాట ఏదైనా ఉందా?

జవాబు 1: గుడి సంగతి అటుంచండి, అర్థమే కుదరదు. ద్వారపాలకుడు ఎంత గద పట్టుకున్నా కొలువు చేసేవాడే. జయవిజయులు సనకసనందనాదులను ఆపి శాపం తెచ్చుకున్నారు గానీ, వైకుంఠం వాళ్లది కాదుగా! ఇక్కడ గుమ్మమూ కంపెనీదే, లోపల ఒక కొట్టూ కంపెనీదే, పక్కవాడి సరుకు ఏ మూల పెట్టాలో చెప్పేదీ కంపెనీయే. వెతికినప్పుడు తన షాపింగ్ సేవను పైన చూపించి పోటీదార్లను కిందికి నెట్టిందనే గూగుల్‌కు 2017లో 242 కోట్ల యూరోల జరిమానా వేశారు.

జవాబు 2: 'పెద్ద కంపెనీలు' అంటే సరిపోదా?

జవాబు 1: చాలదండీ. పెద్దదవడం తప్పని ఆ చట్టం అనలేదు. యూరప్‌లో నెలకు 4.5 కోట్ల వాడుకరులు, ఏడాదికి 10,000 వ్యాపార ఖాతాలు లాంటి లెక్కలు పెట్టింది. ఇటువాళ్లు అటువాళ్లను చేరాలంటే ఆ దారినే పోవాలి, అదీ అసలు విషయం.

జవాబు 3: అయితే 'సుంకరి' అనండి. యాప్ స్టోర్లలో కమీషన్ 30 శాతం దాకా ఉంటుంది కదా. 'సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు' అని సామెత కూడా ఉంది. మా స్నేహితుడి యాప్ ఒక స్టోర్ తీసేసింది. కారణం అడిగితే మూడుసార్లూ అదే మెయిలు, అక్షరం మారలేదు.

ప్రశ్న అడిగినవారు: సామెత భలే అతికింది! కానీ సుంకరి కూడా రాజు తరఫున వసూలు చేసేవాడే. పైగా వసూలు ఒక్కటే కాదు. బయట ఇంకా చవకగా దొరుకుతుందన్న సంగతి యాప్‌వాళ్లను చెప్పుకోనివ్వలేదని 2025 ఏప్రిల్‌లో యాపిల్‌కు 50 కోట్ల యూరోల జరిమానా పడింది. అది సుంకం కాదు, నోరు నొక్కడం.

జవాబు 2: దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. 'పూజారి' అనేద్దామా?

జవాబు 1: మళ్లీ గుడికే వచ్చాం. ఆ సామెతలో కనీసం పైన దేవుడున్నాడు.

ప్రశ్న అడిగినవారు: 'వాకిలి దొర' అని రాసి పంపుతున్నాను. ఎడిటర్ ఒప్పుకోకపోతే గేట్‌కీపరే దిక్కు.