స్వయంభూ స్తూపం: కారు దిగాక ఇంకా ఎన్ని మెట్లు ఎక్కాలి?

అందరికీ నమస్కారం. నవంబరులో అమ్మను ఖాట్మండు తీసుకెళ్తున్నాం. ఆవిడకు 72 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. రెయిలింగ్ పట్టుకుని ఇరవై మెట్ల వరకూ ఎక్కగలరు, ఆ తర్వాత కూర్చోవాల్సిందే. మడిచే వీల్‌చెయిర్ వెంట ఉంటుంది.

మిగతావి కుదిరిపోయాయి. పొద్దున్నే పశుపతినాథ్, మధ్యాహ్నం గుడి మూసేలోపు దర్శనం. బౌద్ధనాథ్ స్తూపం చుట్టూ సమతలమే కాబట్టి ప్రదక్షిణకు ఇబ్బంది లేదు. దర్బార్ స్క్వేర్‌లో గుళ్ల అరుగులు ఎక్కకపోయినా కింద నుంచే చూడొచ్చు, కుమారి (సజీవ దేవతగా కొలిచే బాలిక) ఇల్లూ అక్కడే.

చిక్కంతా కొండ మీదున్న స్వయంభూ దగ్గరే. తూర్పు వైపు 365 మెట్లు, అదీ చివర్లో నిట్టనిలువుగా, పైగా కోతులు. ఆ దారి ఊసే వద్దు. పడమటి వైపు కారు వెళ్లే రోడ్డుందని తెలుసు. హోటల్‌కి ఫోన్ చేస్తే "కారు పైదాకా వెళ్తుంది" అన్నారు, మెట్ల సంగతి అడిగితే "కొన్నే" అని ఊరుకున్నారు. మ్యాప్‌లో రోడ్డు కనిపిస్తుంది కానీ మెట్లు తేలవు. ఫొటోలు, వీడియోలు వెతికితే అందరూ తూర్పు మెట్లే తీశారు. వెళ్లొచ్చిన బంధువుల్లో ఒకరు సులువే అంటారు, ఇంకొకరు ఆయాసం వచ్చిందంటారు. (కుర్రాళ్లకు "కొన్నే" అంటే ఎన్నో దేవుడికెరుక.)

ఈమధ్య పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లెవరైనా చెప్పగలరా: పడమటి వైపు కారు దిగిన చోటు నుంచి స్తూపం దాకా సుమారు ఎన్ని మెట్లున్నాయి, రెయిలింగ్ ఉందా?