మా పాపకు ఏమని చెప్పాలి, చుట్టాలను ఎలా ఆపాలి?

మా అక్క కూతురికి పదకొండేళ్లు. ఎముక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. ఇక కీమోతో ప్రయోజనం లేదని, బాధ లేకుండా చూసుకోమని డాక్టర్లు ఇంటికి పంపారు. వాళ్లది జనగామ దగ్గర పల్లె. నొప్పికి మార్ఫిన్ మాత్రలు వాడుతున్నాం. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక దొరకడం సులువైందంటారు గానీ మా దగ్గరి మందుల షాపుల్లో లేవు, హైదరాబాద్ వెళ్లాల్సిందే.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది వేరే విషయం. చూడటానికి వచ్చినవాళ్లు మంచం చుట్టూ చేరి, పాప వింటుండగానే "ఎంత పని చేశాడు దేవుడు" అని ఏడుస్తారు. డైపర్ మార్చేటప్పుడు కూడా గదిలోంచి కదలరు. అది దుప్పటి ముఖం మీదికి లాక్కుంటుంది. బయటికి వెళ్లమంటే పెద్దవాళ్లకు కోపం, అక్కకు మొహమాటం. నాకు మొహమాటం లేదు కానీ, ఆ ఇంట్లో నా మాట చెల్లదు.

మొన్న "పిన్నీ, నాకు తగ్గదు కదా?" అని అడిగింది. ఏమీ చెప్పవద్దని బావగారి ఆంక్ష. దానికి ఎప్పుడో అర్థమైందని నా నమ్మకం.

ఇలాంటి పిల్లలను చూసుకున్నవారు చెప్పండి: నిజం ఎవరు చెప్పారు, ఏ మాటలతో? చుట్టాలను ఎలా ఆపారు? ఉపశమన చికిత్స నర్సులు జనగామ వైపు ఇళ్లకు వస్తారా, జిల్లా ఆసుపత్రిలో అడగాలా? బావగారితో మాట్లాడేందుకు కౌన్సెలర్ ఎవరైనా ఫోనులో దొరుకుతారా? ఇంకొకటి, అన్నం మానేసి ఐస్‌క్రీమే అడుగుతోంది. జలుబు చేస్తుందని అమ్మమ్మ వద్దంటోంది. ఇప్పుడు జలుబుకు భయపడాలా? నాటుమందుల చిరునామాలు మాత్రం దయచేసి పంపకండి.