పాకిస్తాన్ పాలకుల చేతిలోంచి మిలిటెంట్ల పగ్గాలు ఎప్పుడు జారాయి?

పాకిస్తాన్ చరిత్ర బాగా తెలిసినవారు నా సందేహం తీర్చగలరా? ఇస్లామాబాద్‌లోని లాల్ మసీదు మతపెద్దకు 1980లలో అప్పటి సైనిక పాలకుడు జియా ఉల్ హక్ అండ ఉండేది. 2007 జులైలో అక్కడి మిలిటెంట్లను అణచడానికి అదే మసీదు మీదికి అప్పటి అధ్యక్షుడు ముషారఫ్ సైన్యాన్ని పంపవలసి వచ్చింది! ఆ డిసెంబరులోనే పాక్ ప్రభుత్వంపైనే పోరాడే మిలిటెంట్ల కూటమి తెహ్రీక్-ఎ-తాలిబాన్ పాకిస్తాన్ ఏర్పడింది. 2014 డిసెంబరు 16న దాని ముష్కరులు పెషావర్ సైనిక పాఠశాలలో 130 మందికి పైగా పిల్లలను కాల్చి చంపారు. ఆ పసివాళ్లను తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పట్టు తప్పింది 2001లో ముషారఫ్ అమెరికా పక్షం చేరినప్పుడా? లేక 1989లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్ వదిలాక, అక్కడ పాక్ అండతో పోరాడిన మిలిటెంట్లను నిరాయుధులను చేయకుండా కశ్మీర్ వైపు మళ్లించినప్పుడేనా? నాకు రెండోదే నిజమనిపిస్తోంది. పొరబడి ఉంటే కారణాలతో సహా సరిదిద్దండి. ముఖ్యంగా, మిలిటెంట్లను వాడుకునే దారి నుంచి వెనక్కి తగ్గే అవకాశం సైన్యానికి ఎప్పుడైనా నిజంగా దొరికిందా?